పిల్ల ఎలక్ట్రాన్ల లెక్క

కొలతల గది, కొండమీద
చలి ఇంకా వదల్లేదు

ఆడపడుచుకి,

ఫోన్ చేస్తే నా గొంతు వినగానే పెట్టేస్తావు. ఉత్తరాన్ని అలా పెట్టేయడం కుదరదు. చించాలన్నా ముందు విప్పాలి, విప్పాక నాలుగు వాక్యాలైనా చదవకుండా ఉండలేవు, అంత నిగ్రహం నీకు లేదు. అందుకని అసలు సంగతి ముందే రాసేస్తున్నాను.

పోయిన వారం మీ బులెటిన్‌లో "పై గాలిలో అలజడి స్వల్పం, రేడియోకి ఇబ్బంది లేదు" అని వేశారు. అది నమ్మి సర్వే ఓడ మంచు సముద్రం అంచుదాకా పోయింది. పోయాక రేడియో మూగబోయింది. రెండు రోజులు ఒక్క మాట బయటికి పోలేదు, లోపలికి రాలేదు. హెడ్‌ఫోన్లలో మామూలుగా వినిపించే బుస కూడా లేదట. కప్తాను భయపడి ఓడ వెనక్కి తిప్పాడు కాబట్టి సరిపోయింది.

ఆ ఓడ రేడియో గదిలో కూర్చునేది ఎవరో నీకు చెప్పక్కర్లేదు. నీకు అన్న, నాకు మొగుడు. ఈ సంగతి నాకు ఓడ ఆఫీసు గుమాస్తా చెప్తే తెలిసింది. ఆ రెండు రోజులూ మా కొండమీది యాంటెన్నా, ఆకాశం నుంచి ఎప్పుడూ వచ్చే రేడియో రొదను వింటూనే ఉంది. వింటూ ఉందంటే, ఏమీ వినిపించక ఊరుకుంది. రొద మొత్తం పై గాలిలోనే ఇంకిపోయింది. దాన్ని స్వల్పం అంటారా మీ ఆఫీసులో?

మీ బులెటిన్‌కి ఆధారం నేను కొలిచిన అంకె. దాన్ని తీసుకెళ్ళి ఏం చేస్తున్నారో నాకు తెలియాలి. మంచు విచ్చుకోగానే ఓడ ఈసారి అంచుతో ఆగదు, మంచు మధ్య చీలిన కాలువలోకి దిగుతుంది. శీతాకాలమంతా మంచు మీది శిబిరంలో ఉన్నవాళ్ళని తీసుకురావాలి కదా. ఆ కాలువలో మంచు ఎక్కడ చీలిందో, ఎక్కడ మూసుకుందో పైనుంచి విమానం రేడియోలో చెప్తేనే ఓడ కదలగలదు. అక్కడ మూగబోతే తిరిగే చోటుండదు.

జవాబు మన ఆఫీసు వ్యాన్‌లో పంపు. రోజూ కొండకీ రేవుకీ తిరుగుతూనే ఉంది.

వదిన

*

బులెటిన్ ఆఫీసు, రేవు వీధి

కొలతల గది అధికారిణి గారికి,

మీ లేఖ అందింది.

మా బులెటిన్ అంచనాలు గత అనేక సంవత్సరాలుగా యాంటెన్నా చూపించే దానితో చక్కగా సరిపోతున్నాయి. ఒక్కసారి తేడా వస్తే దానికి కారణాలు చాలా ఉంటాయి. వాటిలో మొదటిది మీ అంకె. అది ఎంతమేరకు నమ్మదగ్గదో మా ఆఫీసులో ఎప్పటినుంచో అనుమానం ఉంది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు మా ప్రోగ్రాం మీద పడే ముందు దాన్ని కొలిచే మీ ఉక్కు పాత్రను ఒకసారి చూసుకోవాల్సిందిగా మనవి.

ఇక ఆఫీసు భాష చాలు. మా అన్న గురించి నువ్వు నాకు గుర్తు చేస్తున్నావా? వాడు నీళ్ళ మీదికి ఎందుకు వెళ్ళాడో ఎప్పుడైనా ఆలోచించావా? ఒడ్డు మీద పదేళ్ళు హాయిగా ఉద్యోగం చేసుకున్న మనిషి, అంత చలిలో, ఆ ఇనప డబ్బాలో, ఆరేసి నెలలు ఎవరికి దూరంగా ఉందామని పోయాడు? నాకు దూరంగా మాత్రం కాదు.

నిన్ను మా ఇంటికి తెచ్చింది నేనే. మా పైఅధికారిణి, ఎంత తెలివైందో చూడండని చెప్పి మరీ తెచ్చాను. కొరివితో తల గోక్కున్నాను. నా రెండేళ్ళ కొలతల్ని నలుగురి ముందూ "అజాగ్రత్త పని" అని చెత్తబుట్టలో వేసిన రోజు నీ మొహంలో జాలి లేదు, కోపం కూడా లేదు. అది నేను మర్చిపోతే నా పేరు మార్చుకుంటాను.

బులెటిన్ విభాగం నుండి,
ఆడపడుచు

*

కొలతల గది, కొండమీద
గాజు పలకల మీద మంచు పట్టింది

ఆడపడుచుకి,

"అధికారిణి గారికి" అని మొదలుపెట్టి పదో వరసకల్లా 'నువ్వు'లోకి దిగావు. సంతోషం. తిట్టేటప్పుడు మీరు అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ కొలతలు అజాగ్రత్తవే. పాత్రలో గాలి ఒత్తిడి రోజుకొకలా ఉంటే నువ్వు చూడకుండా రాసుకున్నావు. ఆ మాట ఇప్పుడు కూడా అంటాను.

మీ అన్న ఎందుకు పోయాడన్నది నీకూ నాకూ మధ్య విషయం కాదు.

పనిలోకి వద్దాం. నువ్వు మర్చిపోయి ఉంటావని రాస్తున్నాను, తెలియదని కాదు. పైనుంచి వేగంగా దిగే ఎలక్ట్రాను గాలిలో పడగానే ఏం చేస్తుంది? దారిలో అడ్డొచ్చిన ప్రతి అణువునీ గుద్దుతూ, గుద్దినప్పుడల్లా కాస్త శక్తి పోగొట్టుకుంటూ దిగుతుంది. కొన్ని గుద్దుళ్ళకి అణువు ఊరికే ఉలిక్కిపడి వెలుగిస్తుంది, ఆకాశంలో పచ్చగా ఆడే తెరలు అవే. కొన్నింటికి అణువులోంచి ఇంకో ఎలక్ట్రాను ఊడి వస్తుంది. దాన్ని మనం ఈ గదిలో పిల్ల అనేవాళ్ళం, నువ్వే పెట్టిన పేరు. వేగం తక్కువున్నది ఎత్తులోనే ఆగిపోతుంది. గట్టిది చిక్కటి గాలిలోకి దిగుతుంది. అక్కడ ఊడిన పిల్లలే మన కొంప ముంచేవి. రేడియో తరంగం రాగానే దాంతోపాటు ఊగుతాయి, ఊగుతూ పక్కనున్న అణువుల్ని గుద్దుకుంటాయి, తరంగం శక్తి వేడైపోతుంది. ఓడ మూగబోవడమంటే అంతే.

ఒక్కొక్క పిల్ల ఊడిరావడానికి తల్లి సగటున ముప్పయ్యైదు ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఖర్చు పెట్టుకుంటుంది. ఈ ముప్పయ్యైదే నా అంకె. నీ అనుమానాలు చూశాక పాత్ర కడిగించి, గాలి మార్చి మళ్ళీ కొలిచాను. ముప్పయ్యైదే వచ్చింది.

నాకు అర్థం కాని సంగతి ఒకటే. పాత బులెటిన్లన్నీ ముందేసుకుని మా యాంటెన్నాతో పోల్చాను. చిన్న అలజడి రోజుల్లో మీరు చెప్పింది చెప్పినట్టు సరిపోతోంది. పెద్ద అలజడి రోజుల్లో మాత్రం మీరు చెప్పేది అసలుదాంట్లో సగమే. అంకె తప్పయితే రెండు చోట్లా తప్పాలి. చిన్న రోజున మంచిదై పెద్ద రోజున చెడ్డదయ్యే అంకె ఎక్కడుంది? మీ ప్రోగ్రాం చివర ఏదో ఉంది. ఏముంది?

వదిన

*

బులెటిన్ ఆఫీసు, రేవు వీధి

వదినకు,

వ్యాన్ డ్రైవరు నీ కవరు ఇస్తూ "రోజూ రాసుకుంటున్నారే, వదినా మరదళ్ళంటే మీలా ఉండాలండీ" అన్నాడు. తలుపు వేసుకున్నాను.

ఏముందో తెలుసుకోవాలనుందా? అయితే విను. చివర సగం ఉంది.

ప్రోగ్రాం మొదటిసారి నడిపినప్పుడు అది చెప్పిన అలజడి యాంటెన్నా చూపిన దానికి రెట్టింపు వచ్చింది. ఎన్నిసార్లు వెతికినా తప్పు దొరకలేదు. మా ఆఫీసు పెద్దాయన వచ్చి చూసి "మీ వదిన అంకెలోనే ఏదో ఉందమ్మా, రెట్టింపు చూపిస్తోంది. చివర్లో సగం చేసెయ్, పీడా పోతుంది" అన్నాడు. చేశాను. చెప్పొద్దూ, సంతోషంగా చేశాను. నీ అంకెను రోజూ పొద్దున్నే సగానికి నరకడం నాకు కాఫీ తాగినంత హాయిగా ఉండేది. ఆ రోజు నుంచి బులెటిన్ సరిపోతోంది.

ప్రోగ్రాంలో మాత్రం ఏ లోటూ లేదు. నీ ముప్పయ్యైదుతో తల్లి ఎలక్ట్రాను ఎన్ని పిల్లల్ని ఊడగొడుతుందో లెక్కపెడుతుంది. తర్వాత ఒక్కొక్క పిల్ల వెనకా పరిగెత్తి అది ఎన్ని ఊడగొడుతుందో, వాటి పిల్లలు ఎన్ని ఊడగొడతాయో అన్నీ చూస్తుంది. ఇంత వివరంగా చేసే ఆఫీసు ఇంకోటి లేదు. మరీ గట్టి ఎలక్ట్రాన్లు వచ్చినప్పుడు మాత్రం పిల్లలు లక్షల్లో పుడతాయి, కంప్యూటర్ సాయంత్రానికి కూడా తేల్చదు. అందుకని ఒక హద్దు దాటితే పిల్లల వెనక పోకుండా తల్లి లెక్కతోనే సరిపెడతాం. పెద్ద రోజుల్లో తేడా వస్తే దానివల్లే కాస్త వస్తుందేమో. ఏదేమైనా నీ అంకె రెట్టింపు తప్పు అన్నది మారదు.

ఇంకో మాట కూడా తెలుసుకో, తర్వాత వెనకనుంచి పొడిచానని అనకుండా. మీ గది ఉంచాలా మూయాలా అని సమీక్ష కమిటీ మా అభిప్రాయం అడిగింది. ఆ పాత్ర ఆపేసి, కొలత ఇంకోచోట మళ్ళీ చేయించడం మంచిదని రాసిచ్చాను. సంతకం నాదే.

ఆడపడుచు

*

కొలతల గది, కొండమీద

నువ్వు రాసింది మూడుసార్లు చదివాను. మూడోసారికి కొండ దిగొచ్చి నిన్ను కొట్టాలనిపించింది.

పిల్లల్ని విడిగా లెక్కపెడుతున్నారా?

నా ముప్పయ్యైదులో పిల్లలున్నాయి. పిల్లల పిల్లలున్నాయి. ఆ పాత్రలోకి నేను పంపేది తల్లి ఒక్కదాన్నే, కానీ అది ఆగిపోయేదాకా లోపల పుట్టిన ప్రతి ఒక్కటీ పాత్ర మధ్యలో ఉన్న తీగ మీదికొచ్చి చేరుతుంది. ఎవరి పిల్లో పేరు రాసుకుని రాదు. మొత్తాన్ని కొలిచి, తల్లి శక్తిని దాంతో భాగిస్తే వచ్చింది ముప్పయ్యైదు. మీరేం చేశారు? ఇంటిల్లిపాదికీ కలిపి వేసిన లెక్క చేతిలో పెట్టుకుని, మళ్ళీ పిల్లలందర్నీ వరసలో నిలబెట్టి విడిగా ఎంచారు. రెట్టింపు రాక ఏమొస్తుంది?

రెట్టింపొచ్చింది కాబట్టి సగం చేశారు. తప్పు మీద తప్పు కప్పారు. చిన్న రోజుల్లో రెండూ ఒకదాన్నొకటి కప్పుకుని బులెటిన్ ముద్దుగా సరిపోయింది. పెద్ద రోజున, హద్దు దాటగానే, పిల్లల్ని వదిలేశారు. అంటే అప్పుడు లెక్క సరైనదే వస్తుంది. ఆ సరైనదాన్ని తీసుకుని మళ్ళీ సగం చేస్తున్నారు. ప్రాణాలు పోయే రోజునే, చూసుకుని మరీ, సగం చెప్తున్నారు.

ఓడ వచ్చే నెల బయల్దేరుతుంది. మంచు ముందే విచ్చుకుంటే ఇంకా ముందే. గది గురించి తర్వాత కొట్టుకుందాం. ముందు ఆ సగం తీసెయ్.

*

బులెటిన్ ఆఫీసు, రేవు వీధి
రేవులో మంచు పలకలు విడుతున్నాయి

వదినకు,

ఎక్కడ రాశావు?

నీ అంకె ఉన్న పట్టిక అచ్చుప్రతి నా ముందే ఉంది. "ఒక్కొక్క జంటకు అయ్యే సగటు ఖర్చు" అని ఉంది. జంట అంటే, ఊడిన పిల్లా దాన్ని పోగొట్టుకున్న అణువూ, అంతే. కింద గాలి ఒత్తిడి గురించి ఉంది, పాత్ర గోడల గురించి ఉంది, తీగ మందం గురించి కూడా ఉంది. పిల్లలు కలిసే ఉన్నాయని ఒక్క ముక్క, ఒక్క ముక్క ఎక్కడైనా ఉందా? నీ గదిలో పనిచేసిన వాళ్ళందరికీ తెలుసు కాబట్టి లోకానికంతా తెలుసనుకున్నావు. నేను పనిచేసిన రెండేళ్ళలో నాకు తీగల మీద దుమ్ము తుడవడం నేర్పావు కానీ ఆ మాట చెప్పలేదు.

అడగాల్సింది అంటావు. ఎవర్ని, నిన్నా? ఆ రోజుల్లో అన్న ఇంటికి నేను భోజనానికొస్తే నువ్వొక గదిలో, నేనొక గదిలో కూర్చునేవాళ్ళం. నిన్ను ఒక్క ప్రశ్న అడిగేకన్నా తెల్లార్లూ ప్రోగ్రాం తిరగరాయడం నయమనుకున్నాను. మరి నువ్వు? ఇన్నేళ్ళు మా బులెటిన్ చూస్తున్నావు కదా. నా అంకెతో ఏం చేస్తున్నారని ఒక్కరోజు కొండ దిగొచ్చి అడిగావా?

సరే. నువ్వు చెప్పినట్టు పిల్లల వెనక పరుగు ఆపేసి, సగం తీసేసి, పాత రోజులన్నీ నడిపి చూశాను. చిన్న రోజులూ పెద్ద రోజులూ అన్నీ యాంటెన్నాతో సరిపోయాయి. ఆ కాగితాలు చూస్తూ కూర్చుంటే నీ మీద కోపం తగ్గాల్సింది పోయి ఇంకా పెరిగింది. ఒక్క ప్రశ్నంత పని. అది అడగక, చెప్పక, ఇద్దరం కలిసి మా అన్నని ముంచబోయాం.

పెద్దాయన దగ్గరికెళ్ళాను. ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. "ఇన్నేళ్ళ బులెటిన్లూ తప్పని మనమే చాటింపు వేసుకుందామా? ఈ కాలం గడవనీ, నెమ్మదిగా మారుద్దాం" అన్నాడు.

"ఓడ నెమ్మదిగా వెళ్ళదు కదండీ" అన్నాను.

చాలాసేపు కళ్ళజోడు తుడుచుకుని చివరికి ఒక దారి చెప్పాడు. పట్టిక అసంపూర్ణంగా అచ్చయిందని, అంకెలో పిల్లలు కలిసే ఉన్నాయని కొలిచిన మనిషే సంతకం పెట్టి ఇస్తే ఆ కాగితం ఆధారంగా ఇవాళే మారుస్తాడట. తప్పు మీ గది మీదికి పోతుంది కాబట్టి ఆయనకి అభ్యంతరం లేదు.

ఆ కాగితం కమిటీకి కూడా వెళ్తుంది. నా అభిప్రాయం ఎలాగూ అక్కడ ఉంది. ఈ కాగితం కూడా చేరితే నీ గది ఉండదు. ఈ మాట నీకు దాచి సంతకం అడగడం నాకు ఇష్టం లేక రాస్తున్నాను. నువ్వంటే ఇష్టం పుట్టి కాదు.

ఓడ మొన్ననే రేవు దాటింది. మంచు ముందే విచ్చుకుంది.

ఆడపడుచు

*

కొలతల గది, కొండమీద

ఆడపడుచుకి,

సంతకం పెట్టిన కాగితం దీంతోనే ఉంది. పట్టిక అసంపూర్ణమని నువ్వు కోరినట్టే రాశాను. ఒక చిన్న మార్పు చేశాను. "చదివినవారు అడిగి ఉంటే చెప్పేవాళ్ళం" అని చివర కలిపాను. మీ పెద్దాయన దాన్ని కొట్టేసినా నాకు ఫర్వాలేదు, నువ్వు చదివితే చాలు.

ఇరవై ఏళ్ళ గది ఇది. గోడకి నా చేత్తో కొట్టిన మేకులున్నాయి. ఆ పాత్ర ఒక రోజు ఎలా మూలుగుతుందో, ఇంకో రోజు ఎందుకు మూలగదో నాకు తెలుసు. కాగితం మీద సంతకం పెట్టి లేచాక ఆ పాత్ర మీద చెయ్యి వేసి నిలబడ్డాను. ఏడ్చాను. నువ్వు నవ్వుకుంటావని తెలిసే రాస్తున్నాను. తోడికోడలు నవ్విందని ఏడ్చిన వాళ్ళుంటారు, నాకు ఆడపడుచు నవ్వినా ఒకటే ఇప్పుడు.

మొదటి ఉత్తరంలో నీకో మాట రాశాను, "నాకు మొగుడు" అని. అది నిజం కాదు. అతను ఓడ ఎక్కకముందే మేం విడిపోయాం. కాగితాల పని కూడా అయిపోయింది. పోట్లాట ఏమీ జరగలేదు, అదే బాధ. ఒకరోజు అన్నం తింటూ "నువ్వు ఆ గదిలోనే ఉంటున్నావు, నేను ఇక్కడ ఎందుకుంటున్నానో నాకు తెలియట్లేదు" అన్నాడు. నువ్వు రాసింది నిజమే, అతను నాకు దూరంగానే పోయాడు. ఆ వాక్యం చదివినప్పుడు నిన్ను తిట్టలేకపోయాను, గమనించావో లేదో.

నేను నీకు ఏమీ కానని తెలిస్తే నువ్వు ఉత్తరం విప్పవేమో అని దాచాను. ఇప్పుడు కాగితం నీ చేతిలో ఉంది, ఇక దాచే పని లేదు.

అతను నావాడు కాకపోవచ్చు. ఆ కాలువలో చావడానికి మాత్రం నేను ఒప్పుకోను. బులెటిన్ మార్చు.

*

బులెటిన్ ఆఫీసు, రేవు వీధి

వదినకు,

నీ కాగితం వచ్చిన పూటే పిల్లల వెనక పరుగు ఆపేసి, సగం తీసేశాను. పెద్దాయన పక్కనే నిలబడ్డాడు, నేను మీట నొక్కాక "నీ ఇష్టం" అన్నాడు.

రెండు రోజులు ఏమీ లేదు. మూడో రోజు పొద్దున సూర్యుడి వైపు చూసే ఉపగ్రహం నుంచి అంకెలు వచ్చాయి. గట్టి ఎలక్ట్రాన్లు, హద్దుకి చాలా పైన. పాత లెక్కయితే మధ్యస్థం దగ్గర ఆగి ఉండేది. కొత్త లెక్క తీవ్రం దాటిపోయింది. "తీవ్రం. రేడియో పూర్తిగా పోవచ్చు. కాలువలోకి దిగవద్దు" అని వేశాను. ఇన్నేళ్ళలో మేం ఆ మాట వేయలేదు.

ఓడ అప్పటికి కాలువ ముఖం దగ్గరుంది. కప్తాను రేడియోలోకి వచ్చి నన్ను పిలిపించాడు. "పోయినసారి స్వల్పం అన్నారు, రెండు రోజులు చెవిటివాళ్ళయ్యాం. ఇప్పుడు తీవ్రం అంటున్నారు, ఆకాశం చూస్తే అద్దంలా ఉంది. మీ మాట దేనికని నమ్మను?" అన్నాడు.

"లెక్కలో తప్పు దొరికింది. దిద్దాం" అన్నాను.

"ఎవరు దొరకబుచ్చుకున్నారు?"

"కొలతల గదిలో మా వదిన."

తర్వాత వేరే గొంతు వచ్చింది, మా అన్న గొంతు. కప్తానుతో చెప్తున్నట్టుంది, నాతో కాదు. "ఆవిడ చెప్పిందంటే ఆగిపోదాం. పొరపాటున కూడా ఊరికే చెప్పే మనిషి కాదు" అన్నాడు. ఓడ బయటి నీళ్ళలో లంగరేసింది.

మధ్యాహ్నానికి రేడియో పోయింది. ఆకాశపు రొద కూడా పోయింది, మీ యాంటెన్నాకీ అంతే అయ్యుంటుంది. ఆ నిశ్శబ్దం తర్వాత రోజంతా ఉంది. నేను ఆఫీసులోనే ఉన్నాను. భోజనం తెచ్చినవాళ్ళ మీద అరిచాను. గొంతు వచ్చేసరికి మర్నాడు పొద్దుపోయింది. అన్నే మాట్లాడాడు. వాళ్ళు ఉండాల్సిన కాలువ మొత్తం మూసుకుపోయిందట, పలకలు ఒకదాని మీదికొకటి ఎక్కి మేడంత ఎత్తు లేచాయట. అందరూ క్షేమం. శిబిరంలో తిండి ఉంది, వాళ్ళు ఇంకొన్నాళ్ళు ఆగగలరు. చివర్లో "చెప్పాల్సిన వాళ్ళకి చెప్పు" అన్నాడు. చెప్తున్నాను.

మీరు విడిపోయిన సంగతి నాకు పోయిన వేసవి నుంచే తెలుసు. వాడే చెప్పాడు. నువ్వు "నాకు మొగుడు" అని రాసినప్పుడు ఉత్తరం విసిరేశాను, ఎంత అబద్ధం అని. అయినా దాన్ని నీ మొహాన కొట్టలేదు. కొడితే నువ్వు రాయడం మానేసేదానివి. అప్పుడు నేను ఎవరితో పోట్లాడాలి?

కమిటీకి ఇంకో కాగితం రాశాను, చదివిన మాదే ఎక్కువ తప్పని, గది ఉంచమని. పనిచేస్తుందో లేదో తెలియదు.

ఆడపడుచు

*

కొలతల గది, కొండమీద

కమిటీకి నువ్వు రాసిన రెండో కాగితం పనిచేయలేదు. మొదటిది బాగా పనిచేసింది.

నిన్న నలుగురు వచ్చారు. పాత్ర విప్పారు. మరలు వేటికవి సంచుల్లో వేసుకున్నారు, ఎవరో మంచి మనిషి నేర్పి పంపినట్టున్నాడు. పంపు తీసేశాక గది నేల మీద నూనె మరక ఒకటి మిగిలింది. కిటికీ తలుపు వేస్తే చప్పుడు ప్రతిధ్వనిస్తోంది. నన్ను కిందకి, ఏదో లైబ్రరీ పనిలోకి వేశారు.

మీ అన్న బతికాడు. దానికి నేను ఇచ్చిన ధర ఇది, మళ్ళీ అడిగినా ఇస్తాను. కానీ ఇది నీ మొదటి కాగితం చేసిన పని. రెండో కాగితంతో మొదటిది తుడిచిపెట్టుకుపోదు. నన్ను క్షమించమని అడగకు, నా దగ్గర అది లేదు.

అతను నాకు ఏమీ కాడు, కాబట్టి నువ్వు కూడా ఏమీ కావు. పోట్లాడుకోవడానికైనా ఏదో ఒక చుట్టరికం ఉండాలి. ఇక రాయకు.

*

బులెటిన్ ఆఫీసు, రేవు వీధి

పైన ఏమని రాయాలో తెలియక వదిలేశాను. ఏమీ కావని నువ్వు రాశావు.

క్షమించమని అడగను. గది పోవడంలో నా చెయ్యి ఉంది, అది నాకు తెలుసు, రోజూ తెలుస్తోంది. నా పాత కొలతలు అజాగ్రత్తవని ఇప్పుడు కూడా ఒప్పుకోను. ఒత్తిడి చూసే రాసుకున్నాను. నువ్వు మొండిదానివి, నేను ఇంకా మొండిదాన్ని, ఇందులో మారేదేం లేదు.

ఓడ మళ్ళీ వచ్చే వారం కాలువలోకి వెళ్తోంది. శిబిరం వాళ్ళని తేవాలి కదా. ఈసారి అలజడి వస్తే ఇంకా గట్టి ఎలక్ట్రాన్లు రావచ్చని లెక్క చెప్తోంది. అంత గట్టివి గాలిలో ఆగేటప్పుడు తమ శక్తిలో కొంత ఎక్స్‌రేలుగా పారేస్తాయి. ఆ ఎక్స్‌రేలు ఎలక్ట్రాను ఆగిన చోటు దాటి ఇంకా కిందికి పోయి అక్కడి గాలిలోంచి కూడా పిల్లల్ని ఊడగొడతాయి. నువ్వు పాత్రలో కొలిచినప్పుడు ఆ ఎక్స్‌రేలు గోడల్లోంచి బయటికి పోయాయా, లోపలే ఉండి నీ అంకెలో కలిశాయా? నేను వాటిని విడిగా కలపాలా, వద్దా?

పట్టికలో లేదు. పెద్దాయనకి తెలియదు. కంప్యూటర్‌ని ఎన్నిసార్లు తిప్పినా అది నా మాటే నాకు చెప్తోంది. ఈ సంగతి తెలిసిన మనిషి ఈ లోకంలో ఒక్కతే ఉంది.

నాకు తెలియదు. నిన్ను అడుగుతున్నాను.